పదెకరాల ఇంట్లో కోవిడ్ రోజులు: మీ ప్రశ్నలు, నా జవాబులు

గత సంచికలో మా కోవిడ్ రోజుల గురించి రాశాను కదా, ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం, బెండిగో ఊరి బయట పదెకరాల స్థలంలో ఉన్న మా ఇంట్లో మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, చూసి పోదామని వచ్చి చిక్కుకుపోయిన మా అత్తగారు కలిసి 2020, 2021 సంవత్సరాలు ఎలా నెట్టుకొచ్చామో. దానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు, ఒకేలాంటివి కలిపేశాను, పేర్లు తీసేశాను. సగం ఉత్తరాల్లో ఒకటే మాట, "మీకేమండీ, అంత స్థలం ఉంది" అని. స్థలం పిల్లలకు ఊపిరిచ్చింది, కాదనను. కానీ ఆ రెండేళ్లూ మా ఇల్లు నిలబడిందంటే ఇరుగుపొరుగు వల్ల, ఇంట్లో ఎవరి పని ఏదో ముందే తేల్చుకోవడం వల్ల. కింద జవాబుల్లో ఈ మాట మళ్లీ మళ్లీ వస్తుంది, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు): మేం నలుగురం రెండు గదుల ఫ్లాట్‌లో నెలల తరబడి ఉండిపోయాం. పదెకరాలున్న మీకు అసలు లాక్‌డౌన్ అని తెలిసిందా? నిజం చెప్పండి.

తెలిసిందండీ, బాగానే తెలిసింది. దూరపు కొండలు నునుపు. మీరన్నదాంట్లో నిజం ఉంది, గదిలో కూర్చోబెట్టిన పిల్లలకీ, పొద్దున్నే బూట్లు వేసుకుని చెట్లలోకి పరుగెత్తే పిల్లలకీ చాలా తేడా. 2020 మార్చి 30 అర్ధరాత్రి నుంచి విక్టోరియాలో నాలుగు కారణాలకే ఇల్లు దాటాలన్నారు: తిండి సరుకులు, వైద్యం లేదా ఎవరినైనా చూసుకోవడం, వ్యాయామం, ఇంటి నుంచి చేయలేని ఉద్యోగం లేదా చదువు. మాకు గడప దాటినా ఇంకా మా స్థలమే కాబట్టి ఆ మొదటి విడత నిజంగానే పెద్ద కష్టం అనిపించలేదు.

రెండో విడత వేరు. జులైలో మెల్‌బోర్న్‌ని మూసేశారు. ఆగస్టు 2న రాష్ట్రంలో విపత్తు స్థితి ప్రకటించి, మెల్‌బోర్న్‌లో రాత్రి 8 నుంచి పొద్దున 5 దాకా కర్ఫ్యూ పెట్టారు, ఇంటి నుంచి 5 కిలోమీటర్లు దాటొద్దన్నారు. మాలాంటి నగరం బయటి ప్రాంతాలకు ఆగస్టు 5 అర్ధరాత్రి నుంచి మూడో దశ ఆంక్షలు, అంటే మళ్లీ ఆ నాలుగు కారణాలకే బయటికి, కర్ఫ్యూ లేదు, 5 కిలోమీటర్ల గిరి లేదు. కానీ నగరానికీ మాకూ మధ్య హైవేల మీద పోలీసు చెక్‌పోస్టులు వచ్చాయి, లైసెన్సు చూసి, ఎందుకు వెళ్తున్నావో అడిగి, తగిన కారణం లేకపోతే వెనక్కి పంపేవాళ్లు, జరిమానా కూడా. జనం దాన్ని ఉక్కు వలయం అనేవాళ్లు.

దీని అర్థం మాకేంటో మీకు చెప్పాలి. పల్లెలో ఉండే తెలుగు కుటుంబానికి తెలుగు జీవితం అంతా నగరంలోనే ఉంటుంది. గుడి అక్కడ, స్నేహితులు అక్కడ, పుట్టినరోజులు, వ్రతాలు, పప్పులు ఉప్పులు అన్నీ 150 కిలోమీటర్ల అవతల. మా చెల్లెలు కూడా అక్కడే. మామూలు రోజుల్లో శనివారం వెళ్లి ఆదివారం తిరిగొచ్చే దూరం, ఆ వలయంతో అది వేరే దేశం అయిపోయింది. సెప్టెంబర్ మధ్యలో మా వైపు ఆంక్షలు బాగా సడలించారు, మా ఊళ్లో కాఫీ దుకాణాలు తెరిచారు, మెల్‌బోర్న్ వాళ్లు మాత్రం అక్టోబర్ చివరి దాకా లోపలే. మేము బయట తిరుగుతున్న ఫోటోలు చెల్లికి పంపాలన్నా మనసు ఒప్పేది కాదు. నవంబర్ 8న ఆ వలయం ఎత్తేశాకే మళ్లీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఉత్తరాన పక్క రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌తో సరిహద్దు కూడా జులై 8న మూసేశారు, 1919 ఫ్లూ మహమ్మారి తర్వాత అలా మూయడం అదే మొదటిసారట, సరిహద్దు నదికి ఇవతల ఇల్లు అవతల పొలం ఉన్న రైతులు పర్మిట్ల కోసం పడ్డ పాట్లతో పోలిస్తే మాది చాలా నయం.

ప్రశ్న (మెల్‌బోర్న్, టార్నీట్ నుంచి): ఊరి బయట ఇంటర్నెట్ సరిగా ఉండదంటారు. ఇద్దరు పిల్లల ఆన్‌లైన్ చదువు, మీవారి ఆఫీసు పని ఎలా నడిచాయి?

మా రోడ్డుకి కేబుల్ రాదు, మాది ఉపగ్రహ ఇంటర్నెట్. ఆ ఉపగ్రహం భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల పైన ఉంటుంది, మనం అన్న మాట పైకి వెళ్లి కిందికి దిగి, జవాబు మళ్లీ అదే దారిన రావాలంటే అర సెకను పైనే పడుతుంది. వీడియో క్లాసులో టీచరు ప్రశ్న అడిగితే మా వాడు జవాబు చెప్పేసరికి ఇంకో పిల్ల చెప్పేసేది. వాడికి ఏడుపొచ్చేది. వాడికి తెలియక కాదు, దూరం వల్ల, అది వాడికి అర్థమయ్యేలా చెప్పడానికి బంతి, టార్చి పెట్టి ఒక సాయంత్రం మొత్తం పట్టింది, అర్థమయ్యాక మాత్రం కుదుటపడ్డాడు. పైగా నెలకింత అని డేటా లెక్క, వర్షం గట్టిగా పడితే లైన్ పోవడం.

అందుకని మేం చేసింది ఏమిటంటే, టీచరుకి ఫోన్ చేసి ఉన్న సంగతి చెప్పాం. వారానికి సరిపడా కాగితాలు కట్టగా కట్టి స్కూలు గేటు దగ్గర పెట్టేవాళ్లు, సోమవారం వెళ్లి తెచ్చుకోవడం, శుక్రవారం చేసినవి తిరిగి ఇవ్వడం. మా స్కూల్లో మాలాంటివాళ్లు చాలామందే ఉన్నారని అప్పుడే తెలిసింది. లైవ్ క్లాసు రోజుకి ఒకటే, పిల్లలిద్దరికీ వేరు వేరు సమయాలు. మావారి మీటింగులు ఉన్నప్పుడు ఇంట్లో ఇంకెవరూ నెట్ ముట్టుకోకూడదు. వంటింటి తలుపు మీద కాగితం అంటించి ఎవరికి ఎప్పుడో రాసేవాళ్లం. అత్తగారి సీరియల్ టైమ్ కూడా అందులో ఉండేది, అది నవ్వులాట కాదు, ఆవిడకి ఆ అరగంట ఎంత అవసరమో మా అందరికీ తెలుసు.

నేను నర్సుని, ఇంటి నుంచి చేసే ఉద్యోగం కాదు. అత్యవసర ఉద్యోగుల పిల్లల్ని స్కూల్లోనే కూర్చోబెట్టే వీలు ప్రభుత్వం ఇచ్చింది, మేం కొన్ని రోజులు వాడుకున్నాం. వాడుకోవడానికి మొహమాటపడే తల్లులు చాలామంది ఉన్నారు, మళ్లీ ఎప్పుడైనా ఇలాంటిది వస్తే మొహమాటం వద్దు.

ఒక్క మాట, ఎవరైనా ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా నా అభిప్రాయం ఇదే: ఆ ఏడాది పిల్లలు లెక్కల్లో కాస్త వెనకబడితే మునిగిపోయేది ఏమీ లేదు. మా అమ్మాయి వర్షపు నీళ్ల ట్యాంకులో ఎన్ని లీటర్లు ఉన్నాయో లెక్క కట్టడం నేర్చుకుంది, కోళ్లకి దాణా ఎంత పడుతుందో నెలవారీ రాసిపెట్టేది, అవి కూడా లెక్కలే.

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక తల్లి): మా అబ్బాయి కూడా అక్కడే ఉంటాడు. 2021 మే నెలలో మావారు కోవిడ్‌తో పోయారు. వాడు రాలేదు. రాలేకపోయానమ్మా అంటాడు. నిజంగా రావడానికి వీల్లేకపోయిందా, లేక... నా మనసు ఊరుకోవడం లేదు.

అమ్మా, ముందు మీకు నమస్కారం. మీ ఉత్తరం పక్కన పెట్టి చాలాసేపు వేరే పని చేయలేకపోయాను.

జరిగింది జరిగినట్టు చెప్తాను, మీరే చూడండి. 2020 మార్చి 20న ఆస్ట్రేలియా తన సరిహద్దు మూసేసింది, పౌరులు, శాశ్వత నివాసులు, వాళ్ల దగ్గరి కుటుంబం తప్ప ఎవరూ లోపలికి రాకూడదు. ఆ వెంటనే పౌరులూ శాశ్వత నివాసులూ దేశం దాటి బయటికి వెళ్లడం కూడా నిషేధించారు, వెళ్లాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలి, ఆసుపత్రి కాగితాలు, మరణ ధ్రువపత్రాలు, సంబంధం రుజువులు పెట్టాలి. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు వెళ్లొచ్చు, కానీ వెళ్తే తిరిగి లోపలికి రానివ్వరు, ఉద్యోగం, ఇల్లు, భార్యాపిల్లలు ఇటువైపే ఉండిపోతారు. తిరిగొచ్చినవాళ్లు సొంత ఖర్చుతో 14 రోజులు హోటల్ గదిలో క్వారంటైన్, న్యూ సౌత్ వేల్స్‌లో అయితే ఒంటరిగా వచ్చిన పెద్దవాళ్లకి 3,000 డాలర్లు. వారానికి ఇంతమందే దిగాలన్న పరిమితి వల్ల టికెట్ కొన్నా విమానం ఎక్కుతామన్న నమ్మకం లేదు.

ఇక మీరన్న ఆ మే నెల. ఏప్రిల్ 27 నుంచి మే 15 దాకా ఇండియా నుంచి వచ్చే విమానాలు పూర్తిగా ఆపేశారు. అంతటితో ఆగలేదు, మే 3 నుంచి, అంతకు ముందు 14 రోజుల్లో ఇండియాలో ఉన్నవాళ్లు ఏ దారిన ఆస్ట్రేలియాలో అడుగుపెట్టినా, పౌరులైనా సరే, నేరం అన్నారు. అయిదేళ్ల దాకా జైలు, లేదా 66,600 డాలర్ల దాకా జరిమానా. సొంత పౌరుల మీద అలాంటి ఆంక్ష పెట్టడం ఇక్కడ చాలామందిని కలచివేసింది. అప్పటికి తొమ్మిది వేల మందికి పైగా ఇండియాలో చిక్కుకుని తిరిగి రావాలని పేరు నమోదు చేసుకుని ఉన్నారు. మే 15న డార్విన్‌కి మొదటి విమానం వచ్చినప్పుడు కూడా సగానికి సగం మంది పాజిటివ్ రావడం వల్లో, పాజిటివ్ వచ్చినవాళ్ల పక్కన ఉండటం వల్లో ఎక్కలేకపోయారు.

మీ అబ్బాయి ఏ వీసా మీద ఉన్నాడో, ఏం ప్రయత్నించాడో నాకు తెలియదమ్మా. కానీ ఆ వారాల్లో రాలేకపోయానని ఒక కొడుకు అంటే అది నమ్మాల్సిన మాట. మా నాన్నగారు కూడా ఆ మే నెలలోనే ఆసుపత్రిలో ఉన్నారు, దేవుడి దయ వల్ల ఇంటికొచ్చారు. ఆ రోజుల్లో నేను డ్యూటీ అయ్యాక కారులోంచి దిగకుండా ఫోన్ పట్టుకుని కూర్చునేదాన్ని, మన టైమ్ ఇక్కడికంటే నాలుగున్నర గంటలు వెనక, డాక్టరు సాయంత్రం రౌండుకొచ్చేసరికి ఇక్కడ రాత్రి. పదెకరాల మధ్యలో ఇల్లు, చుట్టూ మనిషి లేడు, నాన్న ఆక్సిజన్ ఎంత ఉందో అని. అప్పుడు ఆ స్థలం నాకు ఏ రకంగానూ పనికిరాలేదు.

మీవాడిని ఇలా అడగండి: ఆ రోజు నువ్వేం చేశావురా, ఎక్కడ కూర్చున్నావు, ఎవరున్నారు నీ పక్కన? వాడు ఏడవడానికి కూడా ఎవరూ లేక అలాగే పనికి వెళ్లి ఉండొచ్చు. కర్మకాండ ఫోన్‌లో చూసిన కొడుకులు, కూతుళ్లు నాకు చాలామంది తెలుసు, వాళ్లలో ఎవరూ ఇప్పటికీ ఆ వీడియో తెరవలేదు, తీసేయనూ లేదు. ఇప్పుడు దారులు తెరిచే ఉన్నాయి, వాడు ఈసారి ఏటి తద్దినానికి వస్తే మీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

ప్రశ్న (కాకినాడ నుంచి): మీ ఇంటికి మున్సిపాలిటీ నీళ్లు రావని రాశారు. మరి గంటకోసారి చేతులు కడుక్కోమన్న రోజుల్లో ఏం చేశారు?

పైకప్పు మీద పడిన వానే మా నీళ్లు. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మా ఇల్లు, షెడ్డు కలిపి 250 చదరపు మీటర్లు అనుకోండి, 10 మిల్లీమీటర్ల వానకి రెండున్నర వేల లీటర్లు ట్యాంకులోకి. బెండిగోలో ఏడాదికి సుమారు 500 మిల్లీమీటర్లు పడుతుంది, లెక్క చూస్తే సరిపోతుంది, కానీ ఎండాకాలం పడదు, అప్పుడు అయిదుగురూ పగలంతా ఇంట్లోనే ఉంటే ఖర్చు దాదాపు రెట్టింపు. పైగా ట్యాంకులో కొంత భాగం అగ్నిమాపక దళం కోసం ముట్టుకోకుండా ఉంచాలి. తక్కువపడితే నీళ్ల లారీ పిలిపించుకోవడమే.

నీళ్ల కంటే పెద్ద తలనొప్పి సెప్టిక్ ట్యాంకు. అందులో మురికిని అరిగించేది బ్యాక్టీరియా. కోవిడ్ భయంతో బ్లీచు, క్రిమి సంహారక ద్రావణాలు గుమ్మరించి నేల కడిగి అదంతా డ్రెయిన్‌లో పోస్తే ఆ బ్యాక్టీరియా చస్తుంది, ఇక వాసన, పొంగడం. అలాగే అప్పట్లో టాయిలెట్ పేపర్ దొరక్క తడి తుడుపు కాగితాలు వాడి ఫ్లష్ చేసినవాళ్ల పైపులన్నీ పూడుకుపోయాయి. వైరస్‌కి మామూలు సబ్బు చాలు, దాని పైపొర కొవ్వుతో చేసింది, సబ్బుకి విచ్చిపోతుంది. మేం సబ్బుతోనే గడిపాం, బ్లీచు తలుపు పిడులకి గుడ్డతో తుడవడానికి మాత్రమే.

ప్రశ్న (సిడ్నీ నుంచి): మీ అత్తగారు అంతకాలం ఎలా ఉండగలిగారు? మా అమ్మ మూడు నెలలకే ఇక్కడ దిగులు పెట్టుకుంది. మందులు, ఇన్సూరెన్సు సంగతి కూడా చెప్పండి.

అత్తయ్య 2020 ఫిబ్రవరిలో వచ్చారు, మే నెలలో తిరుగు టికెట్. మార్చి 23 నుంచి ఇండియా మామూలు అంతర్జాతీయ విమానాలు ఆపేసింది, అవి మళ్లీ పూర్తిగా మొదలైంది 2022 మార్చి 27న. మధ్యలో చిక్కుకుపోయినవాళ్లని ఇండియా చేర్చే వందే భారత్ విమానాలు వచ్చాయి, 2020 మే నుంచి. కానీ అవి ఎక్కేది మెల్‌బోర్న్, సిడ్నీ లాంటి చోట్ల, దిగాక మళ్లీ క్వారంటైన్, డెబ్బై ఏళ్ల మనిషిని ఒంటరిగా ఎలా పంపుతాం? ఇంటికెళ్తే అక్కడ చూసేవాళ్లూ లేరు. వీసా పొడిగించుకున్నాం. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, కొన్ని విజిటర్ వీసాల మీద ఇంక పొడిగింపు లేదన్న షరతు, నంబరు 8503, ఉంటుంది, అది ఉంటే ముందు దాన్ని ఎత్తేయమని విడిగా అడగాలి. వీసా కాగితం వచ్చిన రోజే ఆ వరస చూసుకోవాలి.

వైద్యం. మనకీ ఆస్ట్రేలియాకీ మధ్య పరస్పర ఆరోగ్య ఒప్పందం లేదు, కాబట్టి మనవైపు నుంచి వచ్చే సందర్శకులకి ఇక్కడి ప్రభుత్వ వైద్య బీమా, మెడికేర్, వర్తించదు, డాక్టరు ఫీజు, మందుల ధర మొత్తం మనమే. ఇన్సూరెన్సు ఉన్నా ముందు నుంచీ ఉన్న జబ్బులకి చాలా పాలసీలు నెలల తరబడి ఏమీ ఇవ్వవు. బీపీ, థైరాయిడ్ మాత్రలు అయిపోతుంటే ఇక్కడి డాక్టరుకి పాత ప్రిస్క్రిప్షన్, మాత్రల అట్ట చూపించి అదే మందు ఇక్కడి పేరుతో రాయించుకున్నాం. బ్రాండు పేరు కాదు, లోపలి మందు పేరు రాసి పెట్టుకోవాలి, అది చాలా దేశాల్లో ఒకటే.

నా ఉద్యోగం వృద్ధుల సంరక్షణ కేంద్రంలో. 2020లో విక్టోరియాలో కోవిడ్‌తో పోయిన ఎనిమిది వందల పైచిలుకు మందిలో ఎక్కువమంది అలాంటి కేంద్రాల్లో ఉన్న పెద్దవాళ్లే. రోజూ అక్కడ పనిచేసి ఇంట్లో ఉన్న పెద్దావిడ దగ్గరికి రావాలంటే ఎంత టెన్షన్‌గా ఉండేదో నర్సులకి చెప్పక్కర్లేదు. షెడ్డులోనే బట్టలు మార్చుకుని, అక్కడి షవర్‌లో స్నానం చేసి, తర్వాతే ఇంట్లోకి. మా కేంద్రంలో అనుమానం కేసు వచ్చినప్పుడల్లా ఫలితం వచ్చేదాకా షెడ్డు పక్క గదిలోనే పడుకునేదాన్ని. ఇక్కడ మాత్రం స్థలం ఉండటం నిజంగా కాపాడింది, ఫ్లాట్‌లో ఉన్న నా సహోద్యోగులకి ఆ వీలు లేదు.

దిగులు సంగతికొస్తే, పెద్దవాళ్లకి విశ్రాంతి ఇస్తున్నాం అనుకుని పనులన్నీ లాగేసుకుంటాం, అదే వాళ్లని కుంగదీస్తుంది. పల్లె స్థలంలో ఇది ఇంకా ఎక్కువ, నడిచి వెళ్లడానికి బజారు లేదు, కారు నడపలేరు, పాము భయం ఒకటి. మొదటి రెండు నెలలు అత్తయ్య కిటికీ దగ్గర కూర్చుని ఉండేవారు. కోళ్ల బాధ్యత మొత్తం ఆవిడకి అప్పగించాక మనిషి మారింది. నక్కలు రాకుండా సాయంత్రం తలుపు వేయడం, గుడ్లు ఏరడం, ఎవరికి ఎన్ని ఇవ్వాలో నిర్ణయించడం, మేం జోక్యం చేసుకునేవాళ్లం కాదు. కంచె అవతల ఒక పెద్దాయన ఉంటారు, ఒంటరిగా, ఆయనకి ఇంగ్లిష్ తప్ప రాదు, ఈవిడకి తెలుగు తప్ప రాదు. కంచె స్తంభం మీద ఈవిడ గుడ్ల డబ్బా పెట్టేవారు, మర్నాడు దాంట్లో నిమ్మకాయలో, గుమ్మడికాయ ముక్కో ఉండేది. కొన్నాళ్లకి ఇద్దరూ అటొకరు ఇటొకరు కుర్చీ వేసుకుని కూర్చునేవాళ్లు. ఏం మాట్లాడుకునేవాళ్లో మాకు ఇప్పటికీ తెలియదు. ఒకసారి అత్తయ్య కళ్లు తిరిగి పడిపోతే ముందు చూసి పరుగెత్తుకొచ్చింది ఆయనే, మావారు లోపల హెడ్‌ఫోన్ పెట్టుకుని మీటింగులో ఉన్నారు.

మీ అమ్మగారికి ఇంట్లో ఏదో ఒక పని పూర్తిగా అప్పగించండి, సాయం చేయమని కాదు, ఆవిడదే అన్నట్టు.

ప్రశ్న (ఊరి పేరు రాయొద్దన్నారు): నేనూ పల్లెలోనే ఉంటాను, భర్త పొలం మీద పనిచేస్తారు. ఆ లాక్‌డౌన్‌లో మొదలైన చేయి చేసుకోవడం ఇప్పటికీ ఆగలేదు. పక్క ఇల్లు రెండు కిలోమీటర్లు. కారు తాళాలు ఆయన దగ్గరే. ఇంటికి చెప్తే సర్దుకోమంటున్నారు.

సర్దుకోవద్దు, అమ్మా. కొట్టడం ఇక్కడ నేరం, మన దగ్గరా నేరమే.

ప్రాణానికి భయం అనిపించిన క్షణంలో ఇక్కడి అత్యవసర నంబరు 000కి ఫోన్ చేయండి. మాట్లాడే సమయం దొరికితే 1800 737 732, అది 1800 రెస్పెక్ట్, దేశమంతటా పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు తీసుకోరు. ఇంగ్లిష్‌లో చెప్పుకోలేకపోతే 131 450కి చేసి తెలుగు అని చెప్పండి, దుబాసీని కలుపుతారు. విక్టోరియాలో ఉంటే ఇన్‌టచ్ అనే సంస్థ వలస వచ్చిన ఆడవాళ్ల కోసమే ఉంది, వీసా సంగతులు కూడా వాళ్లకి తెలుసు. కర్ఫ్యూ ఉన్న రోజుల్లో కూడా హింస నుంచి తప్పించుకోవడానికి ఇల్లు దాటిన ఆడదాన్ని ఆపే నియమం ఏదీ లేదు, ఇప్పుడు అసలే లేదు.

వీసా పోతుందని బెదిరిస్తున్నారా? భాగస్వామి వీసా దారిలో ఉన్నవాళ్లకి, హింస వల్ల బంధం తెగిపోయినా శాశ్వత నివాసం ఇచ్చే ఏర్పాటు చట్టంలో ఉంది. వేరే రకం వీసా అయితే దారి వేరు, అది ఉచిత న్యాయ సహాయం వాళ్లని అడగాలి, భర్త మాటని నమ్మి ఊరుకోవద్దు. పాస్‌పోర్టు, వీసా కాగితం, పిల్లల కాగితాలు ఫోటో తీసి నమ్మకమైన మనిషికి పంపి, మీ ఫోన్‌లోంచి తీసేయండి. ఆ రెండు కిలోమీటర్ల పక్కింటావిడతో ఒక్కసారి మాట్లాడండి. పల్లెల్లో ఆడవాళ్లు అడిగితే వస్తారు, నేను చూశాను. స్కూల్ బస్సు డ్రైవరు, ఊళ్లో నర్సు, టీచరు, ఎవరైనా సరే. మీకు ఏది వీలైతే అది ఇవాళే మొదలుపెట్టండి, నాకు మళ్లీ రాయండి.

ప్రశ్న (విశాఖపట్నం నుంచి): గోంగూర పండించామని రాశారు. అంత చలిలో ఎలా?

చలిలో కాదండీ, ఎండాకాలంలో, ఇక్కడ రుతువులు మనకి తలకిందులు. బెండిగోలో శీతాకాలం మంచు గడ్డకట్టి తెల్లారేసరికి గడ్డి తెల్లగా ఉంటుంది, గోంగూర దానికి ఒక్క రాత్రిలో చస్తుంది. అక్టోబర్ చివర, నవంబర్‌లో మంచు భయం పోయాక విత్తనం వేస్తే ఏప్రిల్ దాకా కోసుకోవచ్చు. కరివేపాకు కుండీలోనే పెంచి, చలికాలం లోపలికి తెచ్చుకోవాలి. విత్తనాలు మాత్రం ఇండియా నుంచి సూట్‌కేసులో తేవద్దు, ఇక్కడి జీవ భద్రత నియమాలు చాలా కఠినం, ఇక్కడే అమ్మేవాళ్ల దగ్గర కొనండి.

ప్రశ్న (మెల్‌బోర్న్, పాయింట్ కుక్ నుంచి): లాక్‌డౌన్‌లో పిల్లల్ని నాలుగు గోడల మధ్య చూసి విసిగిపోయాం. ఇల్లు అమ్మేసి మీలాగా ఊరి బయట స్థలం కొందామనుకుంటున్నాం, మళ్లీ మహమ్మారి వస్తే ఉంటుందని. ఏమంటారు?

మహమ్మారి కోసమైతే వద్దంటాను. అది ఎప్పుడో వస్తుంది, గడ్డి ప్రతి ఏడూ పెరుగుతుంది. స్థలం అంటే పని. వసంతంలో గడ్డి నడుము దాకా వస్తుంది, ఎండాకాలం లోపల కోయకపోతే అది నిప్పుకి ఆహారం, కౌన్సిల్ నుంచి నోటీసు కూడా వస్తుంది. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియాలో మంటలకి 173 మంది పోయారు, ఆ రోజు బెండిగో శివారులో కూడా ఇళ్లు కాలిపోయాయి. నిప్పు ప్రమాదం తీవ్రంగా ఉన్న రోజున పిల్లల్ని తీసుకుని పొద్దున్నే ఊళ్లోకి వెళ్లిపోవాలి, ఉక్కపోతలో, ఏమీ జరగకపోయినా. స్థలంలో చెరువు ఉంటే చిన్నపిల్లలకి దాని చుట్టూ కంచె తప్పనిసరి, నాలుగు చక్రాల బైకు మీద పిల్లల్ని ఎక్కించనే వద్దు, పొలాల్లో పిల్లలు ప్రాణాలు పోగొట్టుకునేది ఎక్కువగా ఈ రెండిటి వల్లే.

అంబులెన్సు మా ఇంటికి రావడానికి ఎంతసేపు పడుతుందో మాకు అత్తయ్య పడిపోయిన రోజు తెలిసింది, ఆ లోపు పక్క పెద్దాయన చేతులే దిక్కయ్యాయి. మీరు కొనే చోట అలాంటి మనిషి ఉన్నారా లేదా అన్నది ధర కంటే ముఖ్యం, ఏజెంటు కాగితంలో అది ఉండదు. మా పరిచయాలన్నీ మావారు ఊరి అగ్నిమాపక దళంలో స్వచ్ఛంద సభ్యుడిగా చేరాక కలిసినవే, సి.ఎఫ్.ఏ అంటారు, రైతులు, టీచర్లు, దుకాణదారులు జీతం లేకుండా చేస్తారు. మొహం తెలియని కొత్తవాళ్లం, భాష యాస వేరు, ఆ యూనిఫాం వేసుకుని నాలుగు శిక్షణలకి వెళ్లాక ఊరు మమ్మల్ని తమవాళ్లలో కలుపుకుంది. లాక్‌డౌన్‌లో మాకు డ్యూటీలు పడి ఎటూ కదల్లేనప్పుడు గేటు దగ్గర సరుకులు పెట్టి వెళ్లింది ఆ దళం వాళ్లే.

పిల్లలకి పరుగెత్తే చోటు కావాలన్నదే మీ కోరిక అయితే, పల్లెని ఇష్టపడి వెళ్తే, మంచిదే, మా పిల్లలు ఇప్పుడు నగరానికి రమ్మన్నా రారు. కానీ ఇల్లు అమ్మకండి, అద్దెకివ్వండి. మీరు కూడా ఊరి బయట అద్దెకి తీసుకుని ఒక శీతాకాలం, ఒక ఎండాకాలం ఉండి చూడండి. కట్టెల పొయ్యికి కట్టెలు మీరే తెచ్చుకోండి, పిల్లల్ని స్కూల్ బస్సుకి మీరే దింపండి, మీవారి పని ఆ ఇంటర్నెట్ మీద నడుస్తుందో లేదో చూడండి. ఇద్దరిలో ఎవరికి ఆ జీవితం నచ్చలేదో అప్పుడు తెలుస్తుంది, నచ్చనివాళ్లని బలవంతపెట్టొద్దు.